వైజాగ్‌లో సాయంత్రం పూట సొంతంగా బోటు మాట్లాడుకున్నవాళ్లు ఉన్నారా? అమ్మానాన్నల పెళ్లిరోజు కోసం

వాడపల్లి_సంగమం:

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ పక్కన పల్లె. వచ్చే మాఘమాసానికి మా అమ్మానాన్నల పెళ్లై నలభై ఏళ్లు నిండుతాయి. నాన్న బతుకంతా వరి పొలం, రైస్ మిల్లు, మార్కెట్ యార్డు, అంతే. అమ్మ సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. ఫంక్షన్ హాలు పెట్టి ఊరందరికీ భోజనాలు పెడదామంటే ఇద్దరూ వద్దే వద్దన్నారు, ఎవరికి చెప్పాలి ఎవరికి చెప్పకూడదు అన్న టెన్షన్ మాకొద్దు అని. అందుకని నేనూ చెల్లీ కలిసి వాళ్లను వైజాగ్ తీసుకెళ్లి, మా ఇంటోళ్లం ఆరుగురికే ఒక బోటు మాట్లాడి, సూర్యుడు సముద్రంలోకి దిగుతుంటే నీళ్ల మీద కేకు కోయిద్దామని అనుకుంటున్నాం. సర్‌ప్రైజ్ ఏం కాదు, వాళ్లకు తెలుసు.

రీల్స్‌లో కనిపించిన నంబర్లకు ఫోన్ చేస్తే ఒకాయన గంటకు ఆరు వేలంటాడు, ఇంకొకాయన తొమ్మిది వేలంటాడు, పైగా బెలూన్లు, పాటలు, ఫోటోగ్రాఫర్ అన్నీ కలిపి ప్యాకేజీ అంటాడు, డబ్బులు మాత్రం మొత్తం ముందే ఫోన్‌పే కొట్టమంటాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు షుగర్. ఎన్ని గంటలకు ఎక్కితే బాగుంటుంది, ఎక్కడ ఎక్కాలి, పెద్దవాళ్లకు వాంతులవుతాయా, ఆ రేటు న్యాయమేనా, తెలిసినవాళ్లు చెప్పండి. నేను అడగనిది ఇంకేమైనా ఉంటే అదీ చెప్పండి.


గాజువాక_నకిరేకలోడు:

తమ్మీ, మాది నకిరేకల్, ఉద్యోగం రీత్యా వైజాగ్‌లో స్థిరపడ్డాను, అందుకని కాస్త పెద్దగానే రాస్తాను.

మొదటి సంగతి, వైజాగ్‌లో సూర్యుడు సముద్రంలోకి దిగడు. ఇది తూర్పు తీరం. సముద్రంలోంచి పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి పోతుంది. రీల్స్‌లో ఎర్రటి సూర్యుడు నీళ్లలో మునిగే వీడియో పెట్టి వైజాగ్ అని రాస్తారే, అది తెల్లవారుజామున తీసిందైనా అయ్యుండాలి, వేరే ఊరిదైనా అయ్యుండాలి. అలాగని సాయంత్రం బోటు దండగ అనడం లేదు. ఒడ్డు మీద నిలబడితే సూర్యుడు మీ వీపు వెనక అపార్ట్‌మెంట్ల చాటున పోతాడు, మీకేమీ కనపడదు. అదే నీళ్ల మీదికి రెండు మూడు కిలోమీటర్లు పోయి ఊరి వైపు తిరిగితే ఎడమ చేతికి డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్, మధ్యలో ఆర్కే బీచ్, అక్కడే గట్టు మీద కురుసుర సబ్‌మెరైన్, కుడి చేతికి కైలాసగిరి, అన్నీ ఒక్క వరసలో కనిపిస్తాయి, వాటి వెనక ఆకాశం ఎర్రబడుతుంది. కాసేపటికి బీచ్ రోడ్డు పొడవునా లైట్లు వెలుగుతాయి. నన్నడిగితే సూర్యుడి కంటే ఆ లైట్లు వెలిగే పావుగంటే బాగుంటుంది, కానీ చాలామంది బోటువాళ్లు సూర్యుడు కనపడకుండా పోగానే వెనక్కి తిప్పేస్తారు. చీకటి పడే దాకా ఉంటాం అని ముందే మాట్లాడుకో.

టైము: వైజాగ్‌లో మన మిర్యాలగూడ కంటే దాదాపు పావుగంట ముందే పొద్దు గూకుతుంది. డిసెంబర్‌లో అయితే ఐదున్నర కాకముందే, ఫిబ్రవరి మొదట్లో ఆరుకు అటూ ఇటూ. కొండలున్నాయి కాబట్టి పేపర్లో వేసిన టైము కంటే ఇంకాస్త ముందే సూర్యుడు చాటుకు పోతాడు. ఐదుకల్లా బోటు కదలాలి. వాళ్లు ఐదున్నర స్లాట్ అమ్ముతారు, ఎందుకంటే నాలుగున్నర స్లాట్ వేరేవాళ్లకు అమ్మాలి కదా.

ఎక్కడ ఎక్కాలన్నది మీ అమ్మగారి మోకాళ్లను బట్టి తేల్చాలి. రుషికొండలో చిన్న స్పీడ్ బోట్లకు జెట్టీ ఉండదు, మోకాలి లోతు నీళ్లలో నడిచి, అల వెనక్కి తగ్గినప్పుడు పక్క నుంచి ఎగిరి కూర్చోవాలి, మనలాంటివాళ్లకే కష్టం. ఫిషింగ్ హార్బర్ వైపు జెట్టీ నుంచి ఎక్కే బోట్లే చూడు. వాసన ఉంటుంది, ఎండు చేపలు, డీజిల్ కలిసిన వాసన, అది భరించాలి. జెట్టీ దగ్గర కూడా బోటు జానెడు పైకి జానెడు కిందికి ఊగుతూనే ఉంటుంది, అది పైకి లేచి గట్టుకు సమానమైన క్షణంలో కాలు పెట్టాలి, కిందికి పోయేటప్పుడు కాదు. మనిషి చేతి వేళ్లు పట్టుకుంటే జారిపోతాయి, మణికట్టు పట్టుకోమని బోటు కుర్రాడికి చెప్పు. ముందు నాన్నను కాదు, నువ్వు ఎక్కి లోపల నిలబడి అమ్మను అందుకో.

నేవీ ఏరియా పక్కనే ఉంటుంది. డ్రోన్ పెట్టె ఇంట్లోనే వదిలేసి రా. ఫోటోగ్రాఫర్ డ్రోన్ షాట్ ఉచితం అన్నాడంటే వాడిని అక్కడే ఆపెయ్.


పాలమూరు_సుజాతక్క:

పై అన్న చెప్పింది నిజం. నీళ్లలో మునిగే సూర్యుడే కావాలంటే పడమటి తీరానికి పోవాలి, నన్నడిగితే గోవా. గోవా అనగానే తాగుడు, డీజే గుర్తొచ్చి పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి జంకుతారు కానీ పణజీలో మాండవి నది నేరుగా పడమటికి పారి సముద్రంలో కలుస్తుంది, కాబట్టి మీరు సముద్రంలోకి పోనక్కర్లేదు, నది మీదే బోటులో కూర్చుంటే ఎదురుగా నది మొగలో, అగ్వాడ కోట ఉన్న గుట్ట పక్కన పొద్దు గూకుతుంది. నది కాబట్టి ఊపు తక్కువ. మా అత్తగారు వాంతి భయంతో బస్సు కూడా ఎక్కరు, ఆమె హాయిగా చాయ్ తాగుతూ కూర్చున్నారు.

కాకపోతే టికెట్టు కొని ఎక్కే పెద్ద క్రూజుల జోలికి పోవద్దు. స్టేజి, మైకు, కపుల్స్ రండి, లేడీస్ రండి అంటూ ఆ గంటా డాన్సులే. సూర్యుడిని ఎవడూ చూడడు. చిన్న బోటు విడిగా మాట్లాడుకోండి. నది నిండా క్యాసినో ఓడలు నిలబడి ఉంటాయి, వాటిని దాటి మొగ వైపు తీసుకెళ్లమనండి. ఫిబ్రవరిలో అక్కడ ఆరున్నర దాటాకే పొద్దు గూకుతుంది, మన దగ్గర కంటే పావుగంట ఆలస్యం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం వానలకు సముద్రం పోటు మీద ఉంటుంది, ఆ నెలల్లో ఎవరు ఏం చెప్పినా నమ్మొద్దు.

సికింద్రాబాద్ నుంచి వాస్కో పోయే రైలు మహబూబ్‌నగర్, గద్వాల మీదుగానే పోతుంది. రోజూ ఉండదు, వారం చూసుకోండి. మిర్యాలగూడ నుంచైతే మీకు చుట్టే అనుకోండి.


నారాయణపేట_టు_దాదర్:

ముంబై ఎవరూ అనలేదేంటి? మా జిల్లా సగం అక్కడే ఉంది కదా, ఉండటానికి ఎవరో ఒక చుట్టం దొరుకుతారు. కానీ ఒకటి, గేట్‌వే దగ్గర బోటు ఎక్కితే అక్కడ కూడా సూర్యుడు సముద్రంలో మునగడు. ఊరు పడమటి తీరంలోనే ఉన్నా గేట్‌వే మాత్రం తూర్పు వైపు, హార్బర్‌కు ఎదురుగా ఉంటుంది. బోటులో కూర్చుంటే తాజ్ హోటల్ వెనక, కొలాబా వెనక పోతాడు సూర్యుడు. నీళ్లలో మునగడం చూడాలంటే మెరైన్ డ్రైవ్ గోడ మీద కూర్చోవాలి, దానికి పైసా ఖర్చు లేదు. గేట్‌వే దగ్గర తెరచాప పడవలు మాట్లాడుకోవచ్చు, ఇంజను చప్పుడు ఉండదు, అది మాత్రం మస్తు ఉంటుంది. మన ఊళ్ల నుంచి పోయిన తరాలు ఆ ఊళ్లో గోడలు కట్టాయి గానీ పడవెక్కినోళ్లు తక్కువ.


దేవరకొండ_రోడ్డు:

సాగర్ పక్కనే పెట్టుకుని వైజాగ్ ఎందుకు? మిర్యాలగూడ నుంచి పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే నాగార్జునకొండ చూసి రాత్రి భోజనానికి ఇంటికొస్తారు. డ్యామ్‌కు పడమటి వైపే నీళ్లు, కాబట్టి సూర్యుడు నీళ్ల మీదుగా నల్లమల వైపే దిగుతాడు. ఖర్చు పదో వంతు కూడా కాదు.


పాలమూరు_సుజాతక్క:

అన్నా, ఆ అబ్బాయి వాళ్లమ్మ సముద్రం చూడలేదు అన్నాడు. సాగర్‌ను ఆమె లెక్కలేనన్ని సార్లు చూసి ఉంటుంది, వాళ్ల పొలానికి వచ్చేదే ఆ ఎడమ కాలువ నీళ్లు! పైగా కొండకు పోయే లాంచీలు పొద్దు గూకకముందే వెనక్కి వచ్చేస్తాయి. సోమశిల అయితే ఒప్పుకుంటా, కొల్లాపూర్ దాకా పోయే ఓపిక ఉంటే. అక్కడ ఒడ్డున కూర్చున్నా చాలు.


దేవరకొండ_రోడ్డు:

సరే అక్కా, సముద్రం దగ్గరే తేల్చుకోనీ. అయితే భద్రత గురించి ఒక ముక్క చెప్తా, ఇది నది అయినా సముద్రమైనా ఒకటే. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు పోయిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది, అందులో వరంగల్ కడిపికొండ నుంచి పోయినవాళ్లు కూడా ఉన్నారు, ఆ బోటును పైకి తీయడానికే నెల దాటింది. నది వరద మీద ఉన్నప్పుడు పోయిన బోటు అది. కాబట్టి వాతావరణం బాలేదంటే డబ్బులు పోయినా సరే ఎక్కొద్దు. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా ఆ రోజు మానుకోవాలి. బోటు మాట్లాడేటప్పుడే అడగండి, వాతావరణం వల్ల మీరు ఆపితే డబ్బులు మొత్తం వాపసు ఇస్తారా, తేదీ మారుస్తారా అని. వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇంకోటి, లైఫ్ జాకెట్. బోటు దిగువ పెట్టెలో ఉన్నాయి సార్ అంటారు. పెట్టెలో ఉంటే ఎవరికి పనికొస్తుంది, ఎక్కకముందే గట్టు మీదే తొడుక్కోవాలి. నడుము దగ్గర బకిల్ పెట్టి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి పైకొస్తే అది మీ సైజు కాదు. కొన్నిటికి కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉంటుంది, చీరతో అది కుదరదు. అమ్మగారిని పంజాబీ డ్రెస్ వేసుకోమనండి. పెళ్లిరోజు పట్టుచీర ఫోటో కావాలంటే పొద్దున సింహాచలంలో దిగండి.

రేటు సగానికి సగం తగ్గించి చేపల బోటులో తిప్పుతాం అనేవాళ్లు కూడా తగులుతారు. అవి చేపలు పట్టడానికి రిజిస్టర్ అయిన బోట్లు, మనుషులను తిప్పడానికి కాదు. రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ మాటే ఉండదు.


వాడపల్లి_సంగమం:

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. పొద్దు గూకుడు రోజూ మన చెలక దగ్గర చూస్తూనే ఉన్న కదరా, నాకు సముద్రం చూపెట్టు చాలు, సూర్యుడు యాడ పడితే నాకేంది అంది. నాన్న మాత్రం సింహాచలం అన్న మాట విని అక్కడే ఆగిపోయాడు, ఇక వైజాగ్ ఖాయం. గోవా గురించి సుజాతక్కకు ప్రత్యేకంగా థ్యాంక్స్, అది చెల్లి పెళ్లయ్యాక చూసుకుంటాం.

ఇప్పుడు రెండు డౌట్లు. వాంతుల సంగతి ఎవరూ చెప్పలేదు. రెండోది, సూర్యుడు నీళ్లలో పడడన్నప్పుడు సాయంత్రమే పోవాలా, తెల్లవారుజామున పోతే సముద్రంలోంచి వచ్చేది చూడొచ్చు కదా?


గాజువాక_నకిరేకలోడు:

తెల్లవారుజామున సముద్రం సాయంత్రం కంటే నిదానంగా ఉంటుంది, గాలి తక్కువ. ఆ మాటకొస్తే పెద్దవాళ్లకు అదే మంచిది. కానీ కాలు ఎక్కడ పెడుతున్నామో తెలియని చీకట్లో జెట్టీ మెట్లు దిగాలి, తడిగా ఉంటాయి, అమ్మగారి మోకాళ్లు చూసుకో. బోటువాళ్లు కూడా ఆ టైముకు అందరూ రారు.

వాంతుల గురించి. హార్బర్ లోపల ఉన్నంతసేపు అందరూ హుషారుగా పాటలు పాడతారు, ఛానల్ దాటి బయటి అల తగలగానే ఒక్కొక్కరు మౌనం వహిస్తారు. బోటు నడుస్తున్నప్పుడు అంతగా ఏం కాదు, కేకు కోయడానికి ఇంజను ఆపి నిలబెడతారు చూడు, అప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే ఆగిన బోటు అలకు అడ్డం తిరిగి ఖాళీ ట్రాలీలాగా ఎటు పడితే అటు ఊగుతుంది. కాబట్టి కేకు లోపలే, హార్బర్‌లోకి తిరిగొచ్చాక కోయించు. కొవ్వొత్తి ఎలాగూ గాలికి వెలగదు. అవోమిన్ బిళ్ల ఎక్కడానికి అరగంట, గంట ముందు వేస్తారు, కానీ నాన్నగారు షుగర్ బిళ్లలతో పాటు ఇంకేమైనా వాడుతుంటే ముందే మీ డాక్టరును అడగండి. షుగర్ ఉన్నవాళ్లను ఖాళీ కడుపుతో ఎక్కించొద్దు, బిర్యానీ తినిపించీ ఎక్కించొద్దు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం రెండు బిస్కెట్లు. బోటు ముందు భాగం ఫోటోలకు బాగుంటుంది, అక్కడే ఎక్కువ ఎగిరేది. పెద్దవాళ్లను మధ్యకు, కాస్త వెనక్కి కూర్చోబెట్టి ఫోను చూడకుండా దూరంగా కొండ వైపు చూడమను.

బెలూన్లు వద్దని చెప్పెయ్. గాలికి సగం సముద్రంలోకే పోతాయి. ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకు వస్తాయి, బెలూన్ ముక్కలు మింగి చస్తాయి.

రేటు: తొమ్మిది వేలన్నాయన బెలూన్లు, పాటలు, ఫోటోగ్రాఫర్ కలిపే చెప్పాడు కాబట్టి అవన్నీ తీసేసి ఉత్త బోటుకు ఎంత అని అడుగు. మనిషికి ఇంత అంటే ఒప్పుకోకు, బోటుకు గంటకు ఇంత అనే లెక్క ఉండాలి. గంట అంటే జెట్టీ వదిలిన దగ్గర నుంచా, అందరూ ఎక్కడం మొదలుపెట్టిన దగ్గర నుంచా అన్నది కూడా అడుగు, అమ్మగారు ఎక్కేసరికే పది నిమిషాలు పోతాయి. అడ్వాన్స్ కొంచెమే పంపు, మిగతాది బోటు చూశాక. మా చుట్టాలు మొత్తం పంపితే, ఫోటోలో చూపించిన బోటు రిపేరుకు పోయింది అని వేరేది తెచ్చారు, వాళ్లకు గొడవ పెట్టుకునే టైము కూడా లేదు, పొద్దు పోతోంది కదా.


వనపర్తి_లెక్కలసారు:

బాబూ, మీరంతా సూర్యుడి వెంట పడ్డారు, చంద్రుణ్ణి మరిచారు. తూర్పు తీరంలో సాయంత్రం బోటుకు అసలు కారణం పౌర్ణమి. పున్నమి నాడు సూర్యుడు అస్తమించే వేళకే అటు ఎదురు దిక్కున చంద్రుడు ఉదయిస్తాడు. వైజాగ్‌లో ఎదురు దిక్కు అంటే సముద్రమే కదా. అంటే మీ బోటుకు ఒక పక్క కొండల వెనక ఎరుపు, రెండో పక్క నీళ్లలోంచి పైకొచ్చే నిండు చంద్రుడు. గోవాలో ఇది దొరకదు, అక్కడ చంద్రుడు ఊరి వైపు నుంచి వస్తాడు.

మీ తల్లిదండ్రుల పెళ్లి మాఘమాసంలో అంటున్నారు. ఇంగ్లీషు తేదీకే చేయాలన్న పట్టుదల లేకపోతే తేదీని మాఘ పౌర్ణమి దగ్గరకు జరపండి. ఒక చిన్న లెక్క చెప్తాను. చంద్రోదయం రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కాబట్టి పౌర్ణమికి ముందు రోజు, చతుర్దశి నాడు, సూర్యుడు ఉండగానే చంద్రుడు కాస్త పైకి వచ్చి ఉంటాడు, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. పౌర్ణమి నాడు సరిగ్గా ఆ సమయానికే నీళ్ల అంచున పుడతాడు, కానీ అంచున మంచు తెర లాంటిది ఉంటే మొదటి పది నిమిషాలు కనపడడు, ఓపిక పట్టాలి. మర్నాడు పాడ్యమి అయితే మీరు జెట్టీకి తిరిగొచ్చేస్తారు, అప్పుడు వస్తాడు. నా ఓటు చతుర్దశికి. కార్తీక పౌర్ణమి పేరు గొప్పదే కానీ ఆ నెలల్లో బంగాళాఖాతంలో తుఫాన్లు, 2014లో హుద్‌హుద్ వైజాగ్ మీదికి వచ్చింది అక్టోబర్ 12న. మాఘానికి ఆ బెడద తక్కువ.

పంచాంగంలో తిథి ఏ సమయానికి మారుతుందో చూసుకోండి, క్యాలెండర్‌లో పెద్ద అక్షరాల్లో వేసింది పొద్దున ఉన్న తిథి.


గాజువాక_నకిరేకలోడు:

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నవాళ్లు కూడా పున్నమి రోజు బీచ్ రోడ్డు మీద ఐస్‌క్రీమ్ తింటూ సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటారు. బోటు మాట్లాడేటప్పుడు పౌర్ణమి అని మాత్రం అనకు, రేటు పెంచుతారు.


వాడపల్లి_సంగమం:

సార్, చతుర్దశి ఖాయం. నాన్న ఇప్పుడే పంచాంగం తీసి కూర్చున్నాడు. ఇక రైలు ఒక్కటే మిగిలింది.


దేవరకొండ_రోడ్డు:

విశాఖ ఎక్స్‌ప్రెస్ మీ ఊళ్లోనే ఆగుతుంది, సాయంత్రం ఎక్కితే పొద్దున వైజాగ్‌లో దిగుతారు. పగటి పూట కావాలంటే జన్మభూమి ఉంది కానీ అంతసేపు కూర్చుని పోవడం అమ్మగారికి కష్టం. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఆ రోజు పొద్దున్నే బుక్ చేయండి. ఆరుగురికి ఒకే టికెట్టు తీయొద్దు. అమ్మానాన్నలకు విడిగా ఇద్దరికే ఒక టికెట్టు, సీనియర్ సిటిజన్ కోటాలో. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండితే ఆ కోటాలో లోయర్ బెర్తు అడగొచ్చు, కానీ టికెట్టు మీద ఒకరో ఇద్దరో ఉంటేనే. మీ నలుగురికి ఇంకో టికెట్టు. చేరిన రోజే బోటు పెట్టుకోకండి, ఆ రోజు సింహాచలం, రెస్టు. బోటు మర్నాడు.